రెండోసారి రాని పిల్లలు: లైంగిక హింస తర్వాతి వైద్యంపై అపోహలు - వాస్తవాలు

అపోహ: మొదటి రోజు పరీక్షల్లో ఏమీ లేదని తేలింది, ఇక ఆస్పత్రితో పనిలేదు.

వాస్తవం: మా దగ్గర ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. వెంటనే చేసిన రక్తపరీక్ష ఆ ఘటనకు ముందు బిడ్డ ఎలా ఉందో చెబుతుంది, అంతే. ఒంట్లో చేరిన క్రిమి పరీక్షకు దొరకడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అందుకే రెండు వారాలు గడిచాక మరోసారి రమ్మంటాం. సిఫిలిస్ (లైంగికంగా సోకే ఒక జబ్బు), హెచ్‌ఐవీ పరీక్షలు నాలుగు నుంచి ఆరు వారాల మధ్య ఒకసారి, మూడు నెలలకు మరోసారి చేస్తాం. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 28 రోజులూ వాడాలి. వికారంగా ఉందని మధ్యలోనే ఆపేసి, ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడి రావడమే మానేసిన కుటుంబాలున్నాయి. వికారానికి మందుంది, అడిగితే చాలు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి రాకుండా వేసే టీకా మిగిలిన డోసులూ ఇలాగే ఆగిపోతుంటాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వంటివి తెచ్చే వైరస్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా ఈ పిల్లలకు 9 ఏళ్లకే ఇవ్వవచ్చు.

అపోహ: 72 గంటలు దాటితే వచ్చినా ప్రయోజనం లేదు.

వాస్తవం: ఆ గడువు హెచ్‌ఐవీ నివారణ మందులు మొదలుపెట్టడానికి మాత్రమే. అత్యవసర గర్భనిరోధక మాత్రకు 5 రోజుల వరకు సమయం ఉంటుంది, ఎంత త్వరగా వేస్తే అంత మేలు. తక్కిన వైద్యం ఏడాది తర్వాతైనా మొదలుపెట్టవచ్చు.

అపోహ: గాయం లేదంటే ఏమీ జరగనట్టే.

వాస్తవం: ఎక్కువమంది పిల్లల్లో పరీక్ష మామూలుగానే ఉంటుంది. జననాంగాల దగ్గరి పొర త్వరగా మానుతుంది, చాలా రకాల హింస అసలు గుర్తే మిగల్చదు. ఇక ‘కన్యత్వ పరీక్ష’ అనేది వైద్యమే కాదు. దాన్ని నిషేధించాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థే కోరింది.

అపోహ: మగపిల్లలకు ఇవన్నీ అవసరం లేదు.

వాస్తవం: గర్భం సంగతి తప్ప అన్నీ అవసరమే.

అపోహ: ఆడుకుంటోంది, మరచిపోయినట్టే.

వాస్తవం: పక్క తడపడం, కారణం తెలియని కడుపునొప్పి, చదువులో వెనకబడటం నెలల తర్వాత మొదలుకావచ్చు. అలాగని కూర్చోబెట్టి అంతా చెప్పమని ఒత్తిడి చేయకండి, అది ఇంకా బాధ. శిక్షణ పొందిన కౌన్సెలర్ దగ్గర ఆ పని బిడ్డ వేగంతో సాగుతుంది.

చాలామంది పిల్లలు రెండోసారి రానని మొరాయించేది బట్టలు విప్పాలేమోనన్న భయంతోనే. ప్రతిసారీ ఆ పరీక్ష ఉండదు, ఉన్నా బిడ్డ వద్దంటే ఆపేస్తాం. బయలుదేరే ముందు ఇంట్లోనే ఈ మాట చెప్పండి.