డిస్కు వేశాక బ్రేకు ఎందుకు బరువెక్కింది?

"పాత అంబాసిడర్‌కి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేయించాను. పెడల్ రాయిలా ఉంది. మునుపటికన్నా గట్టిగా తొక్కితే తప్ప బండి ఆగట్లేదు. మెకానిక్ మోసం చేశాడా?" పాత కార్లవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. మోసం కాకపోవచ్చు. ఇన్నాళ్లూ పాత డ్రమ్ బ్రేకు చేస్తూ వచ్చిన ఉపకారాన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు, అంతే.

ఆ ఉపకారం అర్థం కావాలంటే ఒక చేతికర్ర చాలు. కర్ర కొనను మీ ముందు నేలకు ఏటవాలుగా ఆనించి, నెట్టుకుంటూ నడవండి. నాలుగడుగులు వేసేలోపే కొన నేలలో దిగబడి మిమ్మల్ని నిలబెట్టేస్తుంది. ఎంత నెడితే అంత దిగుతుంది. అదే కర్రను వెనక ఈడ్చుకుంటూ వెళ్లండి, సర్రున జారుతూ వస్తుంది. కర్రా మారలేదు, నేలా మారలేదు. మారింది దిశ ఒక్కటే.

డ్రమ్ అంటే చక్రంతో పాటు తిరిగే గుండ్రటి గిన్నె. దాని లోపలి గోడను నొక్కే షూ ఆ కర్రే. షూ ఒక కొస తిరగని బ్యాక్ ప్లేటుకు ఆని ఉంటుంది, రెండో కొసను ఆయిల్ పీడనంతో వీల్ సిలిండర్ తోస్తుంది. డ్రమ్ సిలిండర్ కొస నుంచి ఆనుకున్న కొస వైపుకు తిరుగుతుంటే, రాపిడే షూని ఇంకా గట్టిగా డ్రమ్ మీదికి లాగుతుంది. ఇది లీడింగ్ షూ, ముందుకు నెట్టే కర్ర. రెండోది ట్రెయిలింగ్ షూ, ఈడ్చుకొచ్చే కర్ర. అంటే డ్రమ్ బ్రేకులో కొంత పని మీ కాలిది కాదు, తిరిగే చక్రానిదే.

దీన్ని అంకెల్లో పెడదాం. ఒత్తిడి షూ మధ్యలో పడుతుందనీ, రాపిడికి దొరికే మీట పొడవు షూ పొడవులో సగమనీ అనుకుంటే, సిలిండర్ తోపుకు లీడింగ్ షూ ఇచ్చే రాపిడి: రాపిడి గుణకానికి (నొక్కే బలంలో ఎన్నో వంతు రాపిడి అవుతుందో చెప్పే అంకె) రెట్టింపును (1 − గుణకం)తో భాగించినంత. ట్రెయిలింగ్‌కు (1 + గుణకం)తో భాగించాలి. గుణకం 0.35 అయితే మొదటిది 1.08, రెండోది 0.52. ముందు చక్రంలో రెండూ లీడింగ్ షూలే అయితే మొత్తం 2.15. డిస్కుకు ఇలాంటి సాయం లేదు. చక్రంతో తిరిగే ఆ పళ్లేన్ని రెండు వైపులా ప్యాడ్ నొక్కితే వచ్చేది 0.70 మాత్రమే. అదే తోపుకు మూడో వంతు!

మరి డిస్కు ఎందుకు? ఆ సాయం నమ్మదగింది కాదు గనక. వేడికో తడికో గుణకం 0.25కి పడిపోతే డిస్కు బలం 29 శాతం తగ్గుతుంది, లీడింగ్ షూ బలం 38 శాతం తగ్గుతుంది. ఒక చక్రం తడిసి రెండోది పొడిగా ఉంటే కారు పక్కకు లాగేది అందుకే. రివర్సులో లీడింగ్ షూలు రెండూ ట్రెయిలింగ్ అయిపోతాయి, బలం సగానికన్నా తక్కువ. ఘాట్‌లో వెనక్కి జారే పాత కారు ఎంత తొక్కినా సతాయించడంలో వింతేమీ లేదు.

వేడి సంగతి: మనుషులతో కలిపి 1400 కిలోల కారును 80 కి.మీ. వేగం నుంచి ఆపితే సుమారు 345 కిలోజౌళ్లు బ్రేకుల్లోకి పోతాయి. ఒక లీటరు నీళ్లు మరగడానికి అది చాలు. తిరుమల నుంచి కిందికి సుమారు 700 మీటర్లు దిగే దారంతా బ్రేకు మీదే వస్తే అలాంటి ఆపులు 28 ఆపినట్టు. రెండో గేరులో దిగమనడం చాదస్తం కాదు. బండికి నిమ్మకాయ తొక్కించడం ఎవరిష్టం వారిది గానీ, అదే రోజు బ్రేక్ ఆయిల్ కూడా మార్పించండి. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. 3.7 శాతం నీరు పీల్చుకుంటే ఆ హామీ 155కి దిగుతుంది. ఆవిరి బుడగలొచ్చాయంటే పెడల్ నేలకు తగులుతుంది. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను మాత్రం ఇందులో కలపకూడదు. డాట్ 5.1 వేరు, అది డాట్ 4తో కలుస్తుంది.

మళ్లీ మన ప్రశ్నకు. పోయిన సాయాన్ని ప్యాడ్‌ను తోసే పిస్టన్ వైశాల్యంతో పూడ్చాలి. బళ్లో పాస్కల్ సూత్రం చెప్పేటప్పుడు రెండు సిరంజిలు చూపించి వదిలేస్తారు, వ్యాసాన్ని వర్గం చేయాలన్న ముక్క దగ్గరే అసలు సరుకుంది. 9 అంగుళాల డ్రమ్, 1 అంగుళం వీల్ సిలిండర్లు అనుకోండి. వైశాల్యం 5.07 చ.సెం.మీ., వ్యాసార్థం 114 మి.మీ., బలం 2.15. గుణిస్తే 1243. 230 మి.మీ. డిస్కులో ప్యాడ్ పట్టే వ్యాసార్థం సుమారు 95. క్యాలిపర్ (డిస్కును పట్టుకునే ప్యాడ్ల చట్రం) పిస్టన్ 48 మి.మీ. అయితే 18.1 × 95 × 0.70 = 1204, దాదాపు సమానం. అదే ఏ చిన్న కారుదో 38 మి.మీ. పిస్టన్ తెచ్చి బిగిస్తే 754. నలభై శాతం లోటు! పెడల్ రాయిలా ఉండటానికి కారణం ఇదే కావచ్చు. కొనేముందు వెర్నియర్‌తో పిస్టన్ కొలవండి.

దీనికి తోడు "డిస్కుకు పెద్ద మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టేది) కావాలి" అని 7/8 అంగుళానిది తీసి 1 అంగుళానిది వేస్తారు. అదే కాలిబలానికి పీడనం 23 శాతం పడిపోతుంది. పెద్దది కావలసింది ఆయిల్ డబ్బా. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకొస్తుంది, ఆ ఖాళీలోకి ఒక్కో చక్రానికి సుమారు 29 మిల్లీలీటర్లు దిగుతుంది. మార్చేటప్పుడు రెండు సర్క్యూట్ల (విడివిడి ఆయిల్ దారుల) మాస్టర్ సిలిండరే వేయించండి. బూస్టర్ (వాక్యూమ్‌తో కాలికి తోడయ్యేది) పెడితే కాలిబలం మిగులుతుంది, కానీ డీజిల్ ఇంజనుకు విడిగా వాక్యూమ్ పంపు కావాలి.

ఎక్కువమంది పొరపాటు పడేది రెండు చోట్ల. డ్రమ్ మాస్టర్ సిలిండర్‌లో లైన్లో సుమారు 10 పీఎస్ఐ పీడనం ఆపిపెట్టే వాల్వు ఉండొచ్చు. అది డిస్కు లైన్లో మిగిలిపోతే ప్యాడ్లు వదలవు, చక్రం కాలిపోతుంది. మాస్టర్ సిలిండర్ కారు ఫ్లోరు కింద ఉన్న కార్లలో మాత్రం ఆయిల్ వెనక్కి జారకుండా 2 పీఎస్ఐ వాల్వు వేయాలి. రెండోది మరలు. పాత ఇంగ్లీషు కొలతల పైపు నట్టు 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. కొత్త క్యాలిపర్ రంధ్రం 10 మి.మీ., మర దూరం 1 మి.మీ. నట్టు వదులుగానే ఎక్కి, చివర్లో బిగిసినట్టే అనిపిస్తుంది. గట్టిగా బ్రేకు వేసిన రోజున మరలు ఊడిపోతాయి. నట్టు మార్చి పైపు కొస కొత్తగా ఫ్లేర్ చేయించాలి (అంచు విప్పార్చాలి).

పాత లైనర్ల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవాలి. వెనక డ్రమ్ములు అలాగే ఉండనివ్వండి, తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందుగా పట్టేయకుండా ఉంటే చాలు. అవి ముందు పట్టేస్తే కారు గిర్రున తిరుగుతుంది.

బిగించాక డిస్కు ఊగిసలాటను డయల్ గేజుతో చూడాలి, 0.1 మి.మీ. దాటకూడదు. ఆపైన బ్రేకు లైన్లలోని ఎయిర్ తీసి, ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 కి.మీ.కి పది సార్లు తగ్గించండి, మధ్యలో అర నిమిషం బ్రేకుకు విరామం ఇస్తూ. వేడి మీద పెడల్ తొక్కిపట్టి నిలబడితే ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడి, ఆ తర్వాత ప్రతి బ్రేకుకూ స్టీరింగ్ వణుకుతుంది.