ఆస్ట్రేలియా నుంచి అమెరికా వచ్చాక ఒకరు వెనక్కి వెళ్తే: ఇంట్లో ఉండిపోయేవాళ్ల అపోహలు - వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల కొత్తగా దిగే కుటుంబాలకు ఇల్లు, స్కూలు, బ్యాంకు, లైసెన్సు, ఇన్సూరెన్సు లాంటి పనుల్లో దారి చూపించడం నా ఉద్యోగం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆస్ట్రేలియన్లు. పెర్త్, అడిలైడ్‌లలో పుట్టి పెరిగినవాళ్లు ఉంటారు, మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో పౌరసత్వం తీసుకుని ఇక్కడికి వచ్చిన మన తెలుగువాళ్లూ ఉంటారు. భార్యాభర్తల్లో ఒకరు వీసా స్టాంపింగ్‌కనో, పెద్దవాళ్లకు ఒంట్లో బాలేదనో ఆస్ట్రేలియా బయల్దేరినప్పుడు వెళ్లేవాళ్ల ఫైలు పదిసార్లు సరిచూస్తారు, ఇక్కడ ఉండిపోయేవాళ్ల ఫైలు మాత్రం ఒక్కరూ తెరిచి చూడరు. నాకు వచ్చే కంగారు ఫోన్లన్నీ ఆ తెరవని ఫైలు గురించే. అందుకే ఇది ఉండిపోయేవాళ్ల కోసం రాస్తున్నాను. నేను లాయర్‌ని కాను కాబట్టి స్టేటస్ (ఇక్కడ చట్టబద్ధంగా ఉండే హోదా) విషయంలో ఆఖరి మాట మీ ఇమిగ్రేషన్ లాయర్‌దే.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. ఈ-3 అనేది ఆస్ట్రేలియా పౌరులకు మాత్రమే ఉన్న వర్క్ వీసా. 2005లో వచ్చింది, ఏడాదికి 10,500 దాకా ఇవ్వొచ్చు. ప్రతిసారీ రెండేళ్ల దాకా ఇస్తారు, ఉద్యోగం ఉన్నంతకాలం మళ్లీ మళ్లీ తీసుకోవచ్చు. ఆస్ట్రేలియా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఉంటే సరిపోదు, పౌరసత్వమే కావాలి. భార్యో భర్తో మాత్రం ఏ దేశం పాస్‌పోర్టుతోనైనా డిపెండెంట్‌గా రావచ్చు. 2025 సెప్టెంబరులో హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు అనే వార్త వచ్చినప్పుడు ఈ-3 కుటుంబాలు కూడా నిద్ర మానుకున్నాయి, కానీ ఆ ఫీజుకూ ఈ-3కీ సంబంధం లేదు.

అపోహ: ఆయనకు కొత్త వీసా వచ్చింది, కాబట్టి నాకూ రెండేళ్లు పెరిగినట్టే

దీని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అన్నిటికన్నా పెద్ద దెబ్బ తగిలేది ఇక్కడే. ఈ-3 ఉన్న భర్త సిడ్నీ వెళ్లి స్టాంపింగ్ చేయించుకుని తిరిగొస్తే ఎయిర్‌పోర్టులో ఆయనకు కొత్త ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) వస్తుంది, దాని మీద రెండేళ్ల తర్వాతి తేదీ ఉంటుంది. భార్య దేశం దాటలేదు కాబట్టి ఆవిడ ఐ-94 మీద పాత తేదీ అలాగే ఉంటుంది. ఆ తేదీ దాటిన మర్నాటి నుంచి ఆవిడకు స్టేటస్ లేనట్టే. ఇంట్లో ఆయన కాగితం పక్కాగా ఉంది కదా అన్న ధీమాతో ఎవరూ చూసుకోరు. లైసెన్సు రెన్యువల్‌కి వెళ్తే కౌంటర్‌లో 'మీ ఐ-94 గడువు అయిపోయింది' అన్నప్పుడు మొదటిసారి బయటపడుతుంది, ఎందుకంటే లైసెన్సు గడువునూ మామూలుగా ఐ-94 తేదీకే ముడిపెడతారు.

చేయాల్సిన పని చిన్నదే. సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ శాఖ) వాళ్ల ఐ-94 వెబ్‌సైట్ తెరిచి ఇంట్లో ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు నంబరూ విడివిడిగా కొట్టి, వచ్చిన కాగితాలను ప్రింటు తీసి పక్కపక్కన పెట్టి తేదీలు చూడండి. పిల్లలవి కూడా. ఎవరిదైనా పాస్‌పోర్టు గడువు ముందే ముగుస్తుంటే వాళ్ల ఐ-94ను అంతవరకే కత్తిరించి ఉండొచ్చు, ఒకే రోజు ఒకే కౌంటర్ దగ్గర దిగినా సరే. తేదీ దగ్గర పడుతుంటే రెండు దారులున్నాయి: గడువు ముగియకముందే ఇక్కడి నుంచే ఐ-539 (గడువు పెంచమని అడిగే దరఖాస్తు) వేయడం, లేదా మీరూ బయటికి వెళ్లి కొత్త వీసాతో తిరిగి రావడం. ఏది మేలో లాయర్‌ని అడగండి, కానీ ఆయన విమానం ఎక్కకముందే అడగండి.

అపోహ: పాస్‌పోర్టులో వీసా గడువు అయిపోయింది, అంటే నేను అక్రమంగా ఉన్నట్టే

కాదు. వీసా స్టాంపు లోపలికి రావడానికి. లోపల ఎంతకాలం ఉండొచ్చో చెప్పేది ఐ-94. స్టాంపు గడువు అయిపోయినా ఐ-94 తేదీ ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. బయటికి వెళ్తే మాత్రం తిరిగి రావడానికి కొత్త స్టాంపు కావాలి, అందుకే అత్తగారికి బాలేదని ఫోన్ రాగానే ఇద్దరూ ఒకేసారి బయల్దేరిపోకండి, ముందు స్టాంపు చూసుకోండి.

దీనికి తోడు ఇంకో భయం ఉంటుంది, ఆయన దేశంలో లేనప్పుడు నేను ఇక్కడ ఉండొచ్చా అని. ఆయన ఉద్యోగం కొనసాగుతూ కొద్ది వారాల పని మీద వెళ్లినంత మాత్రాన మీరు సర్దుకుని వెళ్లిపోనక్కర్లేదు. కానీ నెలల తరబడి ఆయన అక్కడే ఉండిపోయేలా ఉన్నా, ఉద్యోగమే పోయినా లెక్క మారిపోతుంది, మీ స్టేటస్ ఆయన స్టేటస్‌ని పట్టుకునే ఉంటుంది. ఆ రోజే లాయర్‌కి ఫోన్ చేయాలి.

అపోహ: ఈఏడీ కార్డు (విడిగా ఇచ్చే పని అనుమతి) చేతికొస్తేనే నేను ఉద్యోగం చేయాలి

పాత మాట. 2021 నవంబరు నుంచి ఈ-3 ఉద్యోగి భార్యకు లేదా భర్తకు స్టేటస్‌తోపాటే పని చేసే హక్కు వస్తుంది. 2022 జనవరి ఆఖరు నుంచి ఐ-94 మీద 'ఈ-3ఎస్' అని వేస్తున్నారు, కంపెనీకి ఆ కాగితమే రుజువు. దానితోనే సోషల్ సెక్యూరిటీ నంబరుకూ పెట్టుకోవచ్చు. కొన్ని కంపెనీల హెచ్‌ఆర్‌కి ఇది ఇప్పటికీ తెలియదు, ఓపిగ్గా యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) పేజీ చూపించండి. 'ఎస్' లేకుండా పాత కోడ్‌తో ఉంటే సరిచేయించుకోండి. పిల్లలకు ఈ హక్కు లేదు. ఇక్కడ కూడా ఐ-94 తేదీ ముగిస్తే పని హక్కూ ముగుస్తుంది, మొదటి అపోహ దగ్గర అంత గట్టిగా చెప్పింది అందుకే.

అపోహ: ఇంటర్వ్యూ అయిపోయింది, వచ్చే వారానికి వచ్చేస్తారు

ఆస్ట్రేలియాలో అమెరికా వీసా ఇంటర్వ్యూలు సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్‌లలో జరుగుతాయి. చాలామందికి తొందరగానే పాస్‌పోర్టు చేతికొస్తుంది. కానీ కొందరికి 221(జీ) కాగితం ఇచ్చి అదనపు పరిశీలన అంటారు. అది ఎప్పుడు తేలుతుందో కాన్సులేట్ కూడా చెప్పదు. కంపెనీ తొందరపెట్టినా, సెనేటర్ ఆఫీసుకు ఉత్తరం రాసినా వేగం పెరుగుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. 2025 సెప్టెంబరు నుంచి సొంత దేశంలోనో, నివాసం ఉంటున్న దేశంలోనో మాత్రమే వీసాకి పెట్టుకోమంటున్నారు కాబట్టి వేరే దేశానికి వెళ్లి త్వరగా ముగించుకొచ్చే పాత పద్ధతి మీద ఆశ పెట్టుకోకండి.

తిరుగు టికెట్ మార్చుకోగలిగేదే కొనండి. ఇంట్లో ఉన్నవాళ్లు అనుకున్న గడువుకి రెట్టింపు రోజులకు ఏర్పాటు చేసుకోండి: అద్దె, స్కూలు పికప్, మందులు, కారు ఇన్సూరెన్సు. పిల్లలకు ఫలానా రోజు నాన్న వస్తాడని తేదీ చెప్పేయకండి. ఆ తేదీ వాయిదా పడితే వాళ్లు పడే బాధ చూడటం కాగితాల తలనొప్పి కంటే చాలా కష్టం.

అపోహ: బిల్లులన్నీ ఆటోపేలో ఉన్నాయి, ఇంకేం కావాలి

జనవరిలో డాలస్‌లో ఉదయం ఎనిమిది అయిందనుకోండి, ఇంట్లో హీటర్ ఆగిపోయింది. అపార్ట్‌మెంట్ వాళ్ల పోర్టల్ ఆయన పేరు మీద ఉంది, లాగిన్ అవ్వాలంటే కోడ్ ఆయన అమెరికా నంబరుకి పోతుంది. సిడ్నీలో అప్పుడు రాత్రి ఒంటిగంట, ఫోన్‌లో అక్కడి సిమ్ వేసుకుని ఆయన నిద్రపోతున్నారు. ఆఫీసుకి ఫోన్ చేస్తే 'లీజులో మీ పేరు ఆక్యుపెంట్ అని మాత్రమే ఉంది, అకౌంట్ హోల్డర్‌తో మాట్లాడాలి' అంటారు. ఇద్దరు చిన్నపిల్లల్ని దుప్పట్లో చుట్టి పక్కింటికి నడిచిన ఒక అడిలైడ్ తల్లి నాకు ఇదంతా ఏడుస్తూ చెప్పింది. తప్పు ఆవిడది కాదు. అమెరికాలో అకౌంట్ మీద పేరు లేని మనిషితో ఎవరూ మాట్లాడరు, ఆ సంగతి ఆవిడకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

అందుకని ఆయన ఉన్నప్పుడే ఒక సాయంత్రం ఇద్దరూ కూర్చోండి. కరెంటు, నీళ్లు, ఇంటర్‌నెట్, ఫోన్, కారు, అద్దె, ఇన్సూరెన్సు అన్నిట్లోనూ మీ పేరు ఆథరైజ్డ్ యూజర్‌గా చేర్పించండి. కోడ్‌లు ఫోన్ నంబరుకి కాకుండా ఇద్దరి దగ్గరా ఉండే యాప్‌కి వచ్చేలా మార్చండి, లేదా ఆయన అమెరికా నంబరు వైఫై కాలింగ్‌లో పనిచేస్తోందో లేదో ఇక్కడే పరీక్షించండి. జీతం పడే ఖాతా జాయింట్‌గా ఉండాలి. ఇది నమ్మకానికి సంబంధించిన మాట కాదు, పాల ప్యాకెట్‌కి సంబంధించిన మాట. మీ పేరున ఒక చిన్న క్రెడిట్ కార్డు కూడా తీసుకోండి, ఆస్ట్రేలియాలో ఇరవై ఏళ్లు ఇంటి లోను కట్టినా ఇక్కడ క్రెడిట్ హిస్టరీ సున్నా నుంచే మొదలవుతుంది. లీజు రెన్యువల్, కారు టైటిల్ లాంటివి ఆ మధ్యలో రానున్నాయంటే నోటరీ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోండి.

అపోహ: పిల్లల పాస్‌పోర్టు పని ఒక్కరైనా చూసుకోవచ్చు

ఇక్కడ పుట్టిన బిడ్డకు, 16 ఏళ్లలోపు ఉంటే, అమెరికా పాస్‌పోర్టు కోసం తల్లిదండ్రులిద్దరూ కౌంటర్‌కి రావాలి. ఒకరు రాలేకపోతే వాళ్లు నోటరీ ముందు సంతకం చేసిన డీఎస్-3053 అంగీకార పత్రం కావాలి, దానికి మూడు నెలలే గడువు. ఆయన వెళ్లేముందు ఆ సంతకం చేయించుకుంటే పని అయిపోతుంది. ఆస్ట్రేలియా పాస్‌పోర్టు విషయంలోనూ ఇద్దరి అంగీకారం అడుగుతారు. పైగా ఇక్కడ పుట్టిన బిడ్డకు ఆస్ట్రేలియా పౌరసత్వం దానంతటదే రాదు, దరఖాస్తు చేసుకోవాలి.

ఇంకొకటి. సిడ్నీ నుంచి వచ్చిన పిల్లలకు ఆపద వస్తే 000 కొట్టమని నేర్పి ఉంటారు. 911 అని మళ్లీ నేర్పండి, తాళం వేసిన ఫోన్ నుంచి ఎలా చేయాలో చేతికిచ్చి చూపించండి. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉన్నప్పుడు ఆ ఒక్కరికే ఏమైనా అయితే ఫోన్ చేయాల్సింది ఆ పిల్లలే.

అపోహ: మెడికేర్ ఉంది కదా

ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పథకమైన మెడికేర్ ఇక్కడ పనిచేయదు. ఆస్ట్రేలియాకు వైద్య ఒప్పందాలున్న దేశాల్లో బ్రిటన్, న్యూజిలాండ్, ఇటలీ లాంటివి ఉన్నాయి, అమెరికా లేదు. ఇక్కడి మెడికేర్ ముఖ్యంగా 65 దాటిన వాళ్ల కోసం, పేరొక్కటే గానీ అది వేరు. ఆయన కంపెనీ ఇన్సూరెన్సు ఉంటే మీ పేరున్న కార్డు మీ పర్సులో పెట్టుకోండి, నెట్‌వర్క్‌లో ఉన్న అర్జెంట్ కేర్ ఏదో ముందే చూసి పెట్టుకోండి. రాత్రి జ్వరానికి ఎమర్జెన్సీకి పరుగెత్తితే బిల్లు చూసి మళ్లీ జ్వరం వస్తుంది.

అపోహ: సిడ్నీకి ఇక్కడికి ఎప్పుడూ ఒకటే తేడా

డాలస్ నుంచి సిడ్నీకి ఏప్రిల్ మొదటి వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా 15 గంటలు, నవంబరు మొదటి వారం నుంచి మార్చి రెండో వారం దాకా 17, మధ్యలో కొన్ని వారాలు 16. బ్రిస్బేన్, పెర్త్ గడియారం మార్చవు కాబట్టి వాటి లెక్క వేరు. చలికాలంలో మీ రాత్రి ఏడు వాళ్ల మర్నాటి మధ్యాహ్నం పన్నెండు, మాట్లాడుకోవడానికి అదే మంచి వేళ. పిల్లలు పడుకునేముందు పది నిమిషాలు నాన్న ముఖం చూస్తే రాత్రి గడిచిపోతుంది.

ఇంకో రెండు చిన్న అపోహలు. రొట్టె మీద రాసుకునే ఆస్ట్రేలియా వెజిమైట్‌ని అమెరికా నిషేధించిందనే పుకారు 2006లో పుట్టింది, ఇప్పటికీ సూట్‌కేసుల్లో అరడజను సీసాలు వేసుకొస్తారు. నిషేధం లేదు, ఇక్కడే కొనుక్కోవచ్చు. ఆస్ట్రేలియాలో ఓటు తప్పనిసరి కదా అని కూడా భయం వద్దు, విదేశంలో ఉన్నందుకు ఓటు వేయలేకపోతే అది సరైన కారణమే, కాకపోతే ఎన్నికల సంఘానికి వివరాలు ఇచ్చి వెళ్లడం మంచిది.

అపోహ: ఆస్ట్రేలియా ఖాతాలు ఆస్ట్రేలియా సంగతి

ఇక్కడ టాక్స్ రెసిడెంట్ అయితే ఏడాదిలో ఏ ఒక్క రోజైనా విదేశీ ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు చెప్పే ఫారం) వేయాలి. సూపర్ ఖాతా (ఆస్ట్రేలియా రిటైర్మెంట్ పొదుపు) కూడా అందులో చూపించడమే మేలని ఈ పని తెలిసిన టాక్స్ వాళ్లు చెప్తారు. అక్కడ చదువు అప్పు ఉన్నవాళ్లు విదేశంలో ఉన్నా తమ ప్రపంచవ్యాప్త ఆదాయాన్ని ఏటీఓకి (ఆస్ట్రేలియా పన్నుల శాఖకు) చెప్పాలి, ఈ నియమం 2017 నుంచి ఉంది. ఆయన సిడ్నీలో ఉన్న రోజుల్లోనే పాత బ్యాంకు కాగితాలు, సూపర్ స్టేట్‌మెంట్లు తెచ్చుకుంటే ఏప్రిల్‌లో ఊపిరి ఆడుతుంది.

అపోహ: ఆస్ట్రేలియా పౌరులం కాబట్టి గ్రీన్‌కార్డు వెంటనే

ఇది మన తెలుగు ఇళ్లల్లో ఎక్కువ. గ్రీన్‌కార్డు వరసలో చూసేది పుట్టిన దేశం, పాస్‌పోర్టు రంగు కాదు. గుంటూరులో పుట్టి మెల్‌బోర్న్‌లో పౌరసత్వం తీసుకున్నా ఇండియా వరసలోనే నిలబడాలి. భార్య గానీ భర్త గానీ ఆస్ట్రేలియాలో పుట్టి ఉంటే ఆ లెక్క వాడుకోవచ్చు. డీవీ లాటరీకి (లాటరీ పద్ధతిలో ఇచ్చే గ్రీన్‌కార్డుకు) కూడా ఇదే సూత్రం.

ఇక భర్తకు ఆస్ట్రేలియా పౌరసత్వం, భార్యకు ఇండియా పాస్‌పోర్టుతో ఆస్ట్రేలియా పీఆర్ ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటివాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పీఆర్ ఉంటుంది గానీ ఆస్ట్రేలియాకు తిరిగి వెళ్లే అనుమతి మొదటిసారి అయిదేళ్లే. అమెరికాలో ఉండగా అది ముగిస్తే రెసిడెంట్ రిటర్న్ వీసా తీసుకోవాలి. గత అయిదేళ్లలో రెండేళ్లు అక్కడ ఉండి ఉంటే మళ్లీ అయిదేళ్లకు ఇస్తారు, లేకపోతే అక్కడ మీకున్న బంధాలు చూపించి కొద్దికాలానికి మాత్రమే తెచ్చుకోవాల్సి వస్తుంది. ఆయన అక్కడ ఇరుక్కుపోయారు, మీరే వెళ్దామనుకున్నారు, అప్పుడు చూస్తే తలుపు మూసి ఉంది. అలా కాకుండా వీవో (ఆస్ట్రేలియా వీసా వివరాలు చూపించే) వెబ్‌సైట్‌లో మీ వివరాలు కొట్టి 'మస్ట్ నాట్ అరైవ్ ఆఫ్టర్' (ఈ తేదీ తర్వాత రాకూడదు) అనే వరస పక్కన ఉన్న తేదీ ఈ వారమే చూసుకోండి.