పాత హైబ్రిడ్ సైకిల్‌ను ఆఫీసుకు సిద్ధం చేసుకునేవారికి: అపోహలు - వాస్తవాలు

2020 లాక్‌డౌన్ నాటి ఉత్సాహంలో కొన్న హైబ్రిడ్ సైకిళ్లు (రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ బైక్‌కూ మధ్యరకం) చాలావరకు హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో దుమ్ము పట్టి ఉన్నాయి. వాటిని తక్కువ ధరకు కొన్నవారు మా వర్క్‌షాపుకు వస్తుంటారు. చేతిలో ఓ జాబితా ఉంటుంది: జెల్ సీటు, పెద్ద లైటు, ఫోను హోల్డరు. టైర్లు, బ్రేక్ షూలు, చైను మాత్రం అందులో కనిపించవు. నేను ముందు ఆ మూడే చూస్తాను. డబ్బు మిగిలితే హోల్డరు సంగతి.

అపోహ: ఎక్కువ తిరగని సైకిల్ కొత్తదానితో సమానం.

వాస్తవం: తిరగకపోయినా రబ్బరు ఎండుతుంది, గ్రీజు గట్టిపడుతుంది. గాలి దిగిన టైరు మీద ఏళ్ల తరబడి నిలబడిన సైకిల్‌కు టైరు పక్కభాగం చీలికలు పడుతుంది. చీలికల్లోంచి దారపు పోగులు కనిపిస్తే ఆ టైరుతో రోడ్డెక్కకండి. బ్రేక్ షూ ముఖం గాజులా మెరుస్తుంటే అది గట్టిపడిందన్నమాట.

చైను కొలవడానికి ఇంట్లో ఉన్న స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టండి. సరిగ్గా 12 అంగుళాల గీత దగ్గర మరో పిన్ను మధ్యభాగం రావాలి. అది అంగుళంలో పదహారో వంతు అవతలికి జరిగి ఉంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు జరిగిందంటే వెనక పళ్ల చక్రాలు కూడా అరిగిపోయే ఉంటాయి, వాటి మీద కొత్త చైను వేస్తే తొక్కినప్పుడల్లా జారుతుంది. ఈ కొలత బేరం కుదరక ముందే తీసుకోండి, తర్వాత తీస్తే బాధపడటానికే పనికొస్తుంది.

అపోహ: చక్రం 28 అయితే ఏ 28 టైరైనా ఎక్కుతుంది.

వాస్తవం: షాపుల్లో ఎక్కువ గొడవలు దీని దగ్గరే. పాలవాళ్లు క్యాన్లు వేలాడదీసుకుని తిరిగిన నల్ల సైకిల్ టైరు మీద 28 × 1½ అని ఉంటుంది. హైబ్రిడ్‌కు వేసే 700 × 38సి టైరు మీద కొన్ని కంపెనీలు 28 × 1.50 అని కూడా ముద్రిస్తాయి. బడి లెక్కలో ఒకటిన్నరా, ఒకటి పాయింట్ ఐదూ ఒకటే. సైకిల్ లెక్కలో కాదు. మొదటిది 635 మిల్లీమీటర్ల రిమ్‌కు, రెండోది 622 మిల్లీమీటర్ల రిమ్‌కు. పెద్దది తెచ్చి చిన్న రిమ్‌కు వేస్తే వదులుగా కూర్చుంటుంది, గాలి కొట్టగానే ఊడి వస్తుంది. టైరు పక్కన సన్నని అక్షరాల్లో 40-622 లాంటి జంట సంఖ్య ఉంటుంది. షాపుకు వెళ్లేటప్పుడు దాన్ని ఫోనులో ఫొటో తీసుకెళ్లండి. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ కొలత.

అపోహ: టైరు రాయిలా ఉంటేనే సైకిల్ తేలిగ్గా పోతుంది.

వాస్తవం: నున్నటి ట్రాక్ మీద కొంత నిజం. గతుకుల రోడ్డు మీద మరీ గట్టి టైరు ప్రతి రాయికీ ఎగిరి, మీ శ్రమను పైకి విసిరేస్తుంది. 70 కిలోల మనిషికి 38 మి.మీ. టైరులో వెనక 55, ముందు 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టిస్తాను. టైరు మీద ముద్రించిన హద్దులు మాత్రం దాటకూడదు. మరీ తగ్గిస్తే గుంతలో పడినప్పుడు ట్యూబు రిమ్ అంచుకు నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. సన్నని వాల్వు ఉంటే దాని తలమీది చిన్న నట్టు ముందు వదులు చేయాలి. పెట్రోలు బంకులో గాలి పట్టాలంటే ఇత్తడి అడాప్టరు కావాలి, అది ఒకటి కొని బ్యాగులో వేసుకోండి.

వానాకాలానికి గళ్ల టైరు కావాలన్నది కూడా భ్రమే. సైకిల్ వేగానికి తడి తారు మీద టైరు నీటిపై తేలిపోవడం జరగదు. నున్నటి టైరే బాగా పట్టుకుంటుంది.

అపోహ: నొప్పి పోవాలంటే మెత్తటి సీటు వేయించాలి.

వాస్తవం: ముందు ఎత్తు సరిచేయండి. గోడకు ఆనుకుని సీటు మీద కూర్చుని, మడమను పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు నిటారుగా సాగాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. చాలామంది సీటు మరీ కిందికి దించుకుని, బరువంతా దాని మీదే వేసి, మోకాళ్లూ పాడుచేసుకుంటారు. సీటు గొట్టాన్ని దాని మీదున్న హద్దు గీత దాటి పైకి లాగకండి. ఆ తర్వాత సీటు ముక్కు సమంగా ఉందో లేదో చూడండి. పిరుదుల్లోని రెండు ఎముకల మీద బరువు పడాలి. మరీ మెత్తటి జెల్‌లో ఆ ఎముకలు దిగబడిపోయి, బరువు మధ్యలోని సున్నితమైన భాగం మీదికి చేరుతుంది. పది నిమిషాల ప్రయాణానికి హాయిగానే ఉంటుంది, గంటకు ఉండదు.

అపోహ: ముందు బ్రేకు పట్టుకుంటే బోర్లా పడతాం.

వాస్తవం: సైకిల్‌ను ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకుదే. ఆపేటప్పుడు బరువు ముందుకు వస్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. ఒక్కసారిగా నొక్కకుండా, ఒంటిని కాస్త వెనక్కి తీసుకుని క్రమంగా నొక్కడం ఖాళీ రోడ్డు మీద సాధన చేయండి. ఏ లీవరు ఏ బ్రేకుదో ముందే నొక్కి చూసుకోండి. పాత యజమాని వైర్లు మార్చి ఉండవచ్చు.

అపోహ: 21 గేర్లుంటే 21 వేగాలు.

వాస్తవం: ముందు 38 పళ్ల చక్రం, వెనక 14 పళ్లది పెడితే నిష్పత్తి 2.71, అంటే పెడల్ ఒక చుట్టుకు వెనక చక్రం తిరిగే చుట్లు. ముందు 48, వెనక 18 పెడితే 2.67. కాలికి తేడా తెలియదు. ఫ్లైఓవర్లకు చిన్న గేర్లు సరిగ్గా పడుతున్నాయా అన్నదే చూడండి.

అపోహ: మడ్‌గార్డు, క్యారియర్ వేస్తే సైకిల్ అందం పోతుంది.

వాస్తవం: పోతే పోనివ్వండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వెనక చక్రం చిమ్మే బురద చొక్కా మీద గీత గీస్తుంది. ముందు చక్రం చిమ్మేది చైనుకు చేరి దాన్ని అరగదీస్తుంది. 38 మి.మీ. టైరుకు కనీసం 45 మి.మీ. వెడల్పున్న పొడవాటి మడ్‌గార్డు తీసుకోండి. ల్యాప్‌టాప్ వీపున మోస్తే ఆఫీసుకు చేరేసరికి చొక్కా పిండుకోవాలి. అందుకే కొనేముందు వెనక ఇరుసు దగ్గర క్యారియర్ బిగించే బోల్టు రంధ్రాలున్నాయో లేదో చూడండి. లేకపోతే సీటు గొట్టానికి తగిలించే క్యారియరే దిక్కు, అది సాధారణంగా 10 కిలోలకు మించి మోయదు. డిస్క్ బ్రేకు ఉన్న సైకిల్‌కైతే బ్రేకుకు తగలకుండా వంపు తిరిగిన కాళ్ల క్యారియర్ అడగండి. బ్యాగు తగిలించాక పెడల్ తిప్పి చూడండి, మడమ తగిలితే బ్యాగును వెనక్కి జరపాలి.

అపోహ: ముందు షాకులు లేని సైకిల్ ఊళ్లో పనికిరాదు.

వాస్తవం: చవక షాకుల్లో స్ప్రింగు తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, బరువు మాత్రం మిగులుతుంది. సరైన గాలి ఉన్న వెడల్పాటి టైరు ఆ పని చేసిపెడుతుంది. సరదా సవారీకి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్‌కు వెళ్లేవారికి అసలు అవసరమే లేదు.

ఇక తాళం. సన్నటి కేబుల్ తాళాన్ని మంచి కటింగ్ ప్లయర్ క్షణాల్లో తెంపేస్తుంది. యూ ఆకారపు తాళం తీసుకుని, ఫ్రేమునూ వెనక చక్రాన్నీ కలిపి కదలని కమ్మీకి వేయండి. సీటుకు చేత్తో తిప్పే లీవరు ఉంటే తీసేయించి అలెన్ బోల్టు (ఆరు పలకల తాళంచెవితో తిప్పేది) పెట్టించండి. మెట్రో స్టేషన్ల దగ్గర ముందుగా మాయమయ్యేది సీటే.