సన్యాసి పీత, నత్తగుల్ల: తీరంలో నేను వినే అపోహలు

ఆటు సమయంలో విశాఖ రాళ్ల తీరానికి పిల్లలను, వాళ్ల అమ్మానాన్నలను తీసుకెళ్లి అక్కడి జీవులను చూపించడం నా పని. నీటి గుంటలో ఒక నత్తగుల్ల గబగబా నడిచిపోతుంటే అందరూ చుట్టూ మూగుతారు. నత్త అంత వేగంగా నడవదు. ఆ గుల్లలో ఉన్నది సన్యాసి పీత, అదే హెర్మిట్ క్రాబ్. దాని గురించి నేను తరచుగా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: తాబేలు డిప్పలాగా ఆ గుల్ల దాని ఒంట్లో భాగమే.

కాదు. గుల్లను కట్టుకున్నది నత్త. పీతకు కాళ్లు, డెక్కలు గట్టిగానే ఉంటాయి కానీ వెనక ఉన్న పొట్ట మాత్రం మెత్తన. దాన్ని దాచుకోవడానికే ఈ అద్దె ఇల్లు. సముద్రపు నత్తల్లో చాలా వాటి గుల్లలు కుడివైపుకు చుట్టుకుంటాయి. పీత పొట్ట కూడా ఆ వంపుకు సరిపోయేలా కుడివైపుకే మెలి తిరిగి ఉంటుంది. తోక చివర ఎడమ పక్కనున్న కొక్కెంతో గుల్ల నడిమి స్తంభాన్ని పట్టుకుంటుంది. వెనక ఉన్న రెండు జతల పొట్టి కాళ్లను లోపలి గోడకు అదిమిపెడుతుంది.

ఇది చెప్పగానే ఎవరో ఒకరు, "మరి దక్షిణావర్త శంఖం చాలా అరుదంటారు కదా?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. శాస్త్రవేత్తలు చుట్ల మొనను పైకి పెట్టి కుడి ఎడమలు చెబుతారు. మన సంప్రదాయంలో ఆ మొనను కిందికి ఉంచి చూస్తారు. అందుకే మనం దక్షిణావర్తం అనే శంఖం వాళ్ల లెక్కలో ఎడమ చుట్టుది. అది అరుదు అన్న మాట మాత్రం నిజమే.

అపోహ: నత్తను చంపి ఇల్లు లాక్కుంటుంది.

సాధారణంగా అలా జరగదు. నత్తను వేరే జీవి తినేశాక మిగిలిన ఖాళీ గుల్లే దానికి కావాలి. చచ్చిన నత్త మాంసం వాసన నీటిలో కలిస్తే చాలు, చుట్టుపక్కల పీతలు అక్కడికి చేరతాయి. ఆ వాసన వస్తే దగ్గర్లో ఒక ఇల్లు ఖాళీ అవుతోందని అర్థం.

కొట్లాటలు ఎక్కువగా వాటిలో వాటికే. ఐరోపా తీరాల్లో ఉండే పగురస్ బెర్న్‌హార్డస్ అనే జాతిపై బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో రాబర్ట్ ఎల్‌వుడ్ ఏళ్ల తరబడి పనిచేశారు. ఈ జాతిలో దాడికి వచ్చిన పీత తన గుల్లతో ఎదుటి పీత గుల్లను టకటకా కొడుతుంది. కాసేపు ఆగి మళ్లీ కొడుతుంది. దెబ్బల్లో జోరు ఎక్కువైతే లోపలి పీత ఇల్లు వదిలేస్తుంది.

అపోహ: పెద్ద గుల్ల కనబడితే చాలు, దూరిపోతుంది.

అది ఇల్లు చూసుకునే తీరు ఒక్కసారి చూస్తే ఈ మాట అనరు. ముందు మీసాలతో తాకుతుంది. గుల్లను దొర్లించి పైనంతా తడుముతుంది. తర్వాత గుల్ల నోట్లో డెక్క పెట్టి లోతు, వెడల్పు చూసుకుంటుంది. ఇసుక ఉంటే తోడేస్తుంది. అప్పుడు ఒక్క క్షణంలో పొట్టను పాత గుల్లలోంచి తీసి కొత్త దాంట్లో పెడుతుంది. నచ్చకపోతే మళ్లీ పాత గుల్లకే వెళ్తుంది. అటూ ఇటూ మూడు నాలుగుసార్లు మారిన పీతను చూశాను. చూస్తున్న మాకే టెన్షన్.

ఇంత జాగ్రత్తకు కారణం ఉంది. గుల్ల ఇరుకైతే పూర్తిగా లోపలికి ముడుచుకోలేదు. ఎదుగుదల మందగిస్తుంది. ఆడపీత గుడ్లను పొట్ట కిందే మోస్తుంది కాబట్టి, చోటు లేకపోతే గుడ్లూ తగ్గుతాయి. అలాగని మరీ పెద్దదైతే ఆ బరువు మోయడానికే ఒంట్లో శక్తి ఖర్చయిపోతుంది. చిల్లు పడిన గుల్లలో శత్రువు డెక్క దూరుతుంది, తడి నిలవదు. నేల మీద బతికే కోయెనోబిటా జాతులకు ఈ తడే ప్రాణం. అవి గుల్లలో కొంచెం నీళ్లు మోసుకుంటూ తిరుగుతాయి.

అపోహ: ఒకసారి దూరితే జీవితాంతం అదే ఇల్లు.

ఒళ్లు పెరుగుతుంది, గుల్ల పెరగదు. కాబట్టి మారక తప్పదు. ఒక పీత పెద్ద గుల్లలోకి మారితే అది వదిలినది ఇంకో పీతకు, ఆ పీత వదిలినది మరో చిన్న పీతకు దక్కుతుంది. నేల మీది జాతుల్లో కొన్నిసార్లు ముందే పెద్దవి ముందు, చిన్నవి వెనక వరుసగా నిలబడతాయి. ఖాళీ గుల్లలోకి మొదటిది మారగానే వరుసంతా క్షణాల్లో ఇళ్లు మారుతుంది. మధ్య అమెరికాలోని బెలీజ్ దేశంలో దీన్ని గమనించిన పరిశోధన 2010లో వచ్చింది. ఒడ్డున కనిపించే ఒక్క మంచి గుల్ల అంతమందికి ఇల్లు చూపిస్తుంది. సంచీల నిండా గుల్లలు ఏరుకుని వెళ్లేవాళ్లను చూస్తే నాకు బాధ కలిగేది అందుకే.

అపోహ: గుల్లలు లేకపోతే ప్లాస్టిక్ మూతలతో సరిపెట్టుకుంటాయి.

మూతల్లో దూరుతున్న మాట నిజం. ఫొటోల ఆధారంగా చేసిన 2024 పరిశోధన ప్రకారం నేల మీద బతికే 16 జాతుల్లో 10 జాతులు ఇలాంటి చెత్తను మోస్తున్నాయి. కానీ సీసాల సంగతి వేరు. లోపలికి జారిన పీత నున్నటి గోడ ఎక్కలేక చనిపోతుంది. చనిపోయిన పీత వాసన మిగతా వాటికి "గుల్ల ఖాళీగా ఉంది" అన్న కబురు. అవీ వచ్చి పడతాయి. హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో ఒకే ప్లాస్టిక్ డబ్బాలో 526 పీతలు దొరికాయి. ఆ దీవుల్లో, పసిఫిక్‌లోని హెండర్సన్ దీవిలో కలిపి ఏటా దాదాపు 5 లక్షల 70 వేల పీతలు ఇలా చనిపోతున్నాయని అంచనా.

అపోహ: లాగితే బయటికి వచ్చేస్తుంది.

రాదు. ఒళ్లు తెగినా చాలాసార్లు పట్టు వదలదు. దయచేసి ఎప్పుడూ లాగకండి. దొరికిన గుంటలోనే గుల్లను మెల్లగా పెట్టి, నీడ పడకుండా కొంచెం దూరం జరిగి కూర్చోండి. రెండు మూడు నిమిషాల్లో ముందు మీసాలు, వెనకే కాడల మీద రెండు కళ్లు బయటికి వస్తాయి.