తల్లి ఫైలు చూసి బిడ్డ సంగతి తేల్చేస్తాం

కుటుంబాల దగ్గరికి వెళ్లి పిల్లల బాగోగులు చూసే సోషల్ వర్కర్‌ని. వైకల్యం ఉన్న తల్లిదండ్రుల గురించి కింద రాసిన అపోహలు బయటివాళ్లవి కావు, మా వాళ్లవే. మొదటిది నాది.

అపోహ: చూపు లేని తల్లి పసిబిడ్డను చూసుకోలేదు.

వాస్తవం: ఓ ఇంటికి మొదటిసారి వెళ్లొచ్చి రిపోర్టులో 'ప్రమాదం' అని రాశాను. ఏం ప్రమాదమో రాయలేదు, రాయడానికి ఏమీ కనబడలేదు మరి. రెండోసారి వెళ్లి గంటసేపు ఊరికే కూర్చున్నాను. పాకే పాప కాలికి చిరుగంట కట్టి ఉంది, ఎటు వెళ్లినా చప్పుడు. తినిపించేటప్పుడు ఆవిడ ఒక వేలు పాప గడ్డానికి ఆనించి, నోరెక్కడుందో చూసుకుని స్పూను పెడుతోంది. మందు సీసాలకు రబ్బరు బ్యాండ్లు: ఒకటుంటే జ్వరానికి, రెండుంటే దగ్గుకి. ఆ గంటలో పాప ఎటు పోయిందా అని నేను రెండుసార్లు వెతుక్కున్నాను. ఆవిడ ఒక్కసారీ వెతకలేదు.

అపోహ: తల్లిదండ్రులకు వినబడకపోతే పిల్లలకు మాటలు రావు.

వాస్తవం: వినికిడి ఉన్న పిల్లలు ఇంట్లో సైగల భాష, చుట్టుపక్కల వాళ్ల దగ్గర మాటలు, రెండూ పట్టేస్తారు. అసలు తప్పు మేం చేస్తాం. దుబాసీని పిలవకుండా, తల్లి జబ్బు గురించి ఎనిమిదేళ్ల పిల్లాడి చేతే చెప్పిస్తాం.

అపోహ: నిన్న బాగానే నడిచారు, ఇవాళ లేవలేకపోతున్నారంటే నటనే.

వాస్తవం: మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు, కీళ్లవాతం లాంటివి రోజుకో తీరుగా ఉంటాయి. ఒక్కసారి వెళ్లి చూసి తేల్చే విషయం కాదు.

అపోహ: సాయం అడిగారంటే వాళ్లకు చేతకావడం లేదనే.

వాస్తవం: చాలామంది అసలు అడగరు. అడిగితే బిడ్డను తీసుకెళ్లిపోతారేమోనని భయం. వికలాంగుల హక్కులపై 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందంలో 23వ అధికరణ, తల్లిదండ్రుల వైకల్యాన్ని కారణంగా చూపి బిడ్డను వేరు చేయకూడదంటుంది. పిల్లల పెంపకంలో వాళ్లకు తగిన సాయం అందించాలనీ అదే అధికరణలో ఉంది. ఈ రెండో మాట మా మీటింగుల్లో ఎవరికీ గుర్తు రాదు.

అలాగని ప్రమాదమే ఉండదని కాదు. మూర్ఛలు అదుపులో లేని తల్లి ఒంటరిగా ఉన్నప్పుడు బిడ్డకు నీళ్లు పోయకూడదు. డైపర్ మంచం మీద కాకుండా నేల మీద పరిచి మార్చడం మేలు. ఇలా విడమరిచి చెబితే పనికొస్తుంది. ఉత్తినే 'జాగ్రత్తమ్మా' అంటే ఆవిడకు టెన్షన్ పెంచడమే. ఇప్పుడు 'ప్రమాదం' అని రాయాల్సి వస్తే, ఏ పనిలో, దేనివల్ల, ఏం మారిస్తే తగ్గుతుందో పక్కనే రాస్తాను. రాయడానికేమీ లేకపోతే ఆ మాట కొట్టేస్తాను.