బొమ్మలతో పొలిటికల్ సైన్స్: కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖలో ఒక డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెబుతాను. క్లాసులో కామిక్స్ వాడతానని తెలిశాక తోటి లెక్చరర్లూ, పిల్లల తల్లిదండ్రులూ ఒకే రకం ప్రశ్నలు అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: బొమ్మలు చిన్నపిల్లలకే.

వాస్తవం: మన రాజ్యాంగం అసలు ప్రతిలోనే నందలాల్ బోస్, ఆయన శిష్యులు వేసిన బొమ్మలున్నాయి. అంబేడ్కర్ జీవితంపై దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గోండు శైలిలో బొమ్మలు వేసిన ‘భీమాయన’ 2011లో వచ్చింది. అందులో కుట్టే మాటలకి తేలు కొండి ఉన్న బుడగలు, మంచి మాటలకి పక్షి ఆకారంలో ఉన్నవి. ఎవరి మాటకి ఏది పెట్టారో, ఎందుకు పెట్టారో పిల్లల చేత చెప్పించండి, గంట చాలదు.

అపోహ: ఏ పుస్తకాన్నయినా కామిక్‌గా మార్చేయొచ్చు.

వాస్తవం: కుదరదు. ఫూలే ‘గులాంగిరి’ (1873) ఇద్దరి సంభాషణగానే నడుస్తుంది కాబట్టి బుడగల్లోకి సులువుగా వస్తుంది. 1936 నాటి అంబేడ్కర్ ‘కులనిర్మూలన’ అలా కాదు, ఒక వాదన మీద ఇంకో వాదన పేర్చుకుంటూ పోతుంది. మొదట్లో నేను దాన్నీ బొమ్మల్లోనే చెప్పి దెబ్బతిన్నాను: పరీక్షలో అందరూ ‘కులం పోవాలన్నారు’ అని రాశారు, ఎందుకన్నారో ఒక్కరూ రాయలేదు. ఇప్పుడు ప్రతి గడి కిందా అది అసలు పుస్తకంలో ఏ పేరాలోదో రాయిస్తున్నాను.

అపోహ: బొమ్మలు వేయడం వచ్చుండాలి.

వాస్తవం: అక్కర్లేదు. పుల్లల మనుషులు చాలు.

అపోహ: కామిక్ చూశాక అసలు పాఠం ఎవరూ చదవరు.

వాస్తవం: చూపించి వదిలేస్తే నిజంగానే చదవరు. వాళ్ల చేతే వేయిస్తే చదవక తప్పదు. రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసి, ఏ రూపంలోనూ పాటించకూడదంటుంది. ఆ ‘ఏ రూపంలోనూ’ అన్నదాన్నే గీయమన్నాను. చాలామంది పెన్ను పట్టుకుని ఊరికే కూర్చున్నారు. రోజూ ఊరి నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి మాత్రం టీ కొట్టు వేసింది, మనుషుల్లేరు, బల్ల మీద గ్లాసులు వరసగా ఉన్నాయి, ఒక్క గ్లాసు విడిగా చూరులో దోపి ఉంది. అదేంటని పక్కవాళ్లు అడిగితే, అది దళితులకి వేరుగా ఉంచే గ్లాసని చెప్పింది. అంతలో వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి లేచి, ‘మేడమ్, అందరికీ గాజు గ్లాసులిచ్చి కొందరికే ప్లాస్టిక్ కప్పు ఇస్తే అదీ ఒక రూపమేనా?’ అన్నాడు. పుస్తకం తీసి అదే అధికరణలో రెండో వాక్యం అతని చేతే చదివించాను: అంటరానితనం పేరుతో ఎవరి మీద ఏ ఆంక్ష అమలు చేసినా అది చట్టప్రకారం శిక్షించదగ్గ నేరం.