83 రెట్ల జూమ్‌లో కంటికి దక్కేది ఎంత?

లాంగ్ జూమ్ కెమెరా కొనడానికి దుకాణానికి వెళ్ళినవారికి మొదట వినిపించేది ఒక అంకె: 65 రెట్లు, 83 రెట్లు, 125 రెట్లు. 125 రెట్లు అనగానే నూట పాతిక అడుగుల దూరంలో ఉన్న పిట్ట అడుగు దూరానికి వచ్చి వాలుతుందని అనుకోవడం సహజం. కానీ ఆ అంకెకు అర్థం అది కాదు. లెన్స్ పూర్తిగా ముందుకు సాగినప్పటి నాభ్యంతరాన్ని (ఫోకల్ లెంగ్త్; ఇది పెరిగేకొద్దీ చూపు సన్నబడి దూరపువి పెద్దగా కనిపిస్తాయి), పూర్తిగా లోపలికి ముడుచుకున్నప్పటి నాభ్యంతరంతో భాగిస్తే వచ్చే భాగఫలం మాత్రమే అది. కెమెరా తన అతి విశాలమైన చూపుతో తన అతి సన్నని చూపును పోల్చుకుని చెప్పే లెక్క కనుక, అందులో మన కంటి ప్రసక్తే లేదు.

ఉదాహరణకు 2015లో వచ్చిన నికాన్ కూల్‌పిక్స్ పి900ను తీసుకుందాం. పాతదే అయినా, ఈ తరహా కెమెరాల బలాన్నీ బలహీనతనూ అర్థం చేసుకోవడానికి అంతకంటే మంచి నమూనా లేదని నా అభిప్రాయం. దాని లెన్స్ నాభ్యంతరం 4.3 మి.మీ. నుంచి 357 మి.మీ. వరకు మారుతుంది, 357ను 4.3తో భాగిస్తే 83 వస్తుంది. ఫిల్మ్ కెమెరాల కాలం నుంచి అలవాటైన 35 మి.మీ. కొలమానంలోకి మారిస్తే ఇది 24 నుంచి 2000 మి.మీ.కు సమానం. అదే కొలమానంలో 50 మి.మీ. లెన్స్‌ను కంటి చూపుకు దగ్గరదిగా భావించడం ఆనవాయితీ. ఆ లెక్కన పి900 పూర్తి జూమ్‌లో ఇచ్చేది, బైనాక్యులర్ల భాషలో చెప్పాలంటే, సుమారు 40 రెట్లు. 28 నుంచి 280 మి.మీ. వరకు సాగే లెన్సూ, 100 నుంచి 1000 మి.మీ. వరకు సాగే లెన్సూ రెండూ 10 రెట్ల జూమ్‌లే అయినా, దూరాన్ని దగ్గర చేయడంలో రెండోది మొదటిదానికంటే మూడున్నర రెట్లు మెరుగు. కాబట్టి పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకెను వదిలి, చిన్న అక్షరాల్లో ఉన్న నాభ్యంతరాన్ని చదవాలి.

40 రెట్లు అంటే తక్కువేమీ కాదు. పక్షులకు నెలవైన నేలపట్టు చెరువు గట్టు మీద నిలబడి, 100 మీటర్ల దూరంలో చెట్టు కొమ్మ మీద కూర్చున్న గూడబాతును (పెలికాన్) 24 మి.మీ.కు సమానమైన ఫోన్ లెన్స్‌తో తీశామనుకుందాం. ఆ దూరంలో ఫోన్ చూపు 150 మీటర్ల వెడల్పును ఫొటోలోకి తెస్తుంది. ఫొటో అడ్డంగా 4000 పిక్సెళ్ళు ఉంటే, ముక్కు కొస నుంచి తోక వరకు సుమారు 1.3 మీటర్లుండే పక్షికి దక్కేవి 35 పిక్సెళ్ళు. అది గూడబాతో, కొమ్మకు చిక్కుకున్న తెల్ల గుడ్డ ముక్కో తేల్చుకోవడం కష్టం. అక్కడే పి900ను పూర్తి జూమ్‌లో పెడితే ఫ్రేము వెడల్పు 1.8 మీటర్లకు తగ్గిపోతుంది. పక్షి ఒక్కటే ఫొటో నిండుగా వస్తుంది. రెక్కలు విప్పిందా, ఇక ఫ్రేములో పట్టదు.

ఇంత లెన్స్ కిలోకు తక్కువ బరువున్న పెట్టెలో ఎలా ఇమిడింది? రహస్యమంతా లెన్స్ వేసే బొమ్మను పట్టుకునే సెన్సర్ చిన్నదనంలో ఉంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు (35 మి.మీ. ఫిల్మ్ అంత సెన్సర్ ఉండేది) 2000 మి.మీ. లెన్స్‌ను ఇదే ఎఫ్/6.5 ఎపర్చర్‌తో (అంటే నాభ్యంతరం లెన్స్ రంధ్రం వెడల్పుకు 6.5 రెట్లు) తయారు చేయాలంటే దాని వ్యాసం 300 మి.మీ. దాటాలి. అడుగు వెడల్పున్న ఆ గాజును భుజాన మోసుకుని చెరువు గట్టు మీద తిరిగే ఔత్సాహికుడు ఉండడు. పి900 సెన్సర్ పొడవు సుమారు 6.2 మి.మీ., వెడల్పు 4.6 మి.మీ.; వైశాల్యంలో ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో ముప్పయ్యో వంతు. చూపు ఇంత చిన్న కిటికీలోంచి వెళ్ళడం వల్ల 357 మి.మీ. లెన్సే 2000 మి.మీ. లెన్స్‌లా పనిచేస్తుంది. ప్రకటనల్లో ఈ సెన్సర్‌ను 1/2.3 అంగుళాలదని రాస్తారు గాని, ఆ అంకె పాత వీడియో కెమెరా ట్యూబుల వ్యాసాన్ని బట్టి వచ్చిన పేరే తప్ప సెన్సర్ అసలు కొలత కాదు.

చిన్న సెన్సర్‌కు చెల్లించే మూల్యం వెలుతురు. విశాలంగా ఉన్నప్పుడు ఎఫ్/2.8గా ఉండే లెన్స్ పూర్తిగా సాగేసరికి ఎఫ్/6.5 అవుతుంది, అంటే సెన్సర్ మీద పడే వెలుతురు ఐదో వంతుకు పడిపోతుంది. నిండు ఎండలో దీనివల్ల ఇబ్బంది లేదు: ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100 దగ్గరే సెకనులో 600వ వంతు షట్టర్ స్పీడ్ (వెలుతురును లోపలికి వదిలే సమయం) దొరుకుతుంది. పక్షి చింతచెట్టు నీడలోకి వెళితే అదే స్పీడ్ కోసం ఐఎస్ఓను 800కు పెంచవలసి వస్తుంది. సంధ్యవేళ ఇంకా పైకి వెళ్ళాలి. అక్కడి నుంచి నాయిస్, అంటే ఫొటో మీద ఇసుక చల్లినట్టు చుక్కలు, మొదలవుతుంది. దాన్ని అణచడానికి కెమెరా చేసే ప్రయత్నంలో ఈకల మీది సన్నని గీతలన్నీ అలికినట్టు కలిసిపోతాయి. పి900లో రా ఫైల్ (కెమెరా దిద్దకముందు సెన్సర్ ఇచ్చిన ముడి సమాచారం) సౌకర్యం లేదు గనుక ఆ అలుకుడును తర్వాత ఇంట్లో కూర్చుని సరిదిద్దుకునే వీలు కూడా తక్కువ. 2020లో వచ్చిన పి950లో అదే 83 రెట్ల లెన్స్‌తో పాటు రా ఫైల్ సౌకర్యాన్నీ, మెరుగైన వ్యూఫైండర్‌నూ చేర్చారు. పెళ్ళిమండపంలో రాత్రి ఫొటోల కోసమే అయితే ఈ తరహా కెమెరా కొనడం దండగ. చేతిలో ఉన్న మంచి ఫోనే నయం.

వెలుతురు సరిపోయినా దాటలేని గీత ఇంకొకటి ఉంది. కాంతి తరంగం కనుక, ఏ గుండ్రని రంధ్రంలోంచి వెళ్ళినా అంచుల దగ్గర వంగుతుంది. దీన్నే వివర్తనం అంటారు. దీనివల్ల ఎంత నిర్దుష్టమైన లెన్స్‌లోనైనా ఒక బిందువు బిందువుగా కాక చిన్న బిళ్ళగా పడుతుంది. ఎఫ్/6.5 దగ్గర ఆకుపచ్చ కాంతికి ఆ బిళ్ళ వ్యాసం దాదాపు 8.7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పి900 సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ వెడల్పు 1.34 మైక్రాన్లే. అంటే లెన్స్ గీసే అతి సన్నని చుక్క ఆరేడు పిక్సెళ్ళ మేర పరుచుకుంటుంది. 16 మెగాపిక్సెళ్ళ ఫొటో చేతికి వస్తుంది, కానీ పూర్తి జూమ్‌లో అన్ని పిక్సెళ్ళకు సరిపడా సమాచారం అందులో ఉండదు. ఫొటోను వంద శాతానికి పెద్దది చేసి చూసి, కెమెరాలో లోపం ఉందని దిగులుపడే కొత్తవారు చూస్తున్నది చాలావరకు ఈ వివర్తనాన్నే.

దూరపు వివరాన్ని నిర్ణయించేది అసలు లెన్స్ రంధ్రం వెడల్పు. నాభ్యంతరాన్ని ఎఫ్ సంఖ్యతో భాగిస్తే అది తెలుస్తుంది: 357ను 6.5తో భాగిస్తే 55 మి.మీ. ఇప్పుడు 2017లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్10 నాలుగో మోడల్‌ను పక్కన పెట్టి చూద్దాం. దాని జూమ్ 25 రెట్లే, 35 మి.మీ. కొలమానంలో 600 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. అయితే దాని అసలు నాభ్యంతరం 220 మి.మీ., ఎపర్చర్ ఎఫ్/4. 220ను 4తో భాగిస్తే వచ్చేదీ 55 మి.మీ.యే! ఒకటి 83 రెట్లు, ఇంకొకటి 25 రెట్లు అని చెప్పుకునే ఈ రెండు కెమెరాలూ ఒకే పక్షి నుంచి సేకరించే వెలుతురు దాదాపు సమానం. వివర్తనం గీసే గీత కూడా రెండింటికీ ఒకచోటే. సోనీలో పిక్సెళ్ళు పెద్దవి కనుక పూర్తి జూమ్‌లో అది ఆ గీతకు కాస్త ఇవతలే ఆగిపోతుంది, నికాన్ గీతను దాటి ముందుకు పోయి ఖాళీగా పెద్దది చేస్తుంది. అందువల్ల అంకెల్లో మూడు రెట్లకు పైగా కనిపించే తేడా నిజమైన వివరంలో మహా అయితే రెండింతలకు మించదు. ధరల్లో మాత్రం తేడా గట్టిది: విడుదలైనప్పుడు నికాన్ సుమారు 600 డాలర్లు, సోనీ సుమారు 1,700 డాలర్లు. నీడల్లో, సాయంత్రాల్లో తక్కువ జూమ్‌లోనూ మంచి ఫొటో కావాలనుకునేవారికి సోనీ. ఎండలో దూరపు పక్షుల కోసమే తిరిగేవారికి నికాన్ చాలు.

ఇంతవరకు చెప్పినదంతా గాలి లేదనుకుని వేసిన లెక్క. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. ఒక జనవరి మధ్యాహ్నం ఆ రోడ్డు పక్కన నిలబడి, అర కిలోమీటరు అవతల నీళ్ళలో నిలిచిన ఫ్లెమింగోలను పూర్తి జూమ్‌లో అరవై ఫొటోలకు పైగా తీశాను. ఇంటికి వచ్చి చూస్తే ఒక్కదానిలోనూ కాళ్ళు తిన్నగా లేవు. నీళ్ళలో వేసిన తాడులా మెలికలు తిరిగి ఉన్నాయి. తప్పు కెమెరాది కాదు, ఆ వేళప్పుడు వెళ్ళిన నాది. ఎండకు కాగిన ఉప్పుబురద మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంటే, చల్లని గాలి దాని చోటులోకి దిగుతుంటుంది. వేడిగాలికీ చల్లగాలికీ వక్రీభవన గుణకంలో (కాంతిని వంచే గుణంలో) ఉండే స్వల్పమైన తేడా వల్ల కాంతి అడుగడుగునా అటూ ఇటూ వంగుతూ వస్తుంది. వేసవిలో తారురోడ్డు మీద ఎండమావిని చూపించేదీ ఇదే. కంటికి చిన్న వణుకుగా కనిపించే ఆ కదలిక 40 రెట్లు పెరిగితే ఫొటోను మింగేస్తుంది. దీనికి ఎంత ఖరీదైన లెన్స్‌లోనూ మందు లేదు. సూర్యోదయమైన మొదటి గంట, గంటన్నర లోపల వెళ్ళాలి. లేదా మబ్బు పట్టిన రోజును ఎంచుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, పక్షులను బెదరగొట్టకుండా వీలైనంత దగ్గరికి చేరాలి. ఏసీ వేసిన కారులో కూర్చుని అద్దం దించి తీసినా ఇదే గొడవ, ఎందుకంటే చల్లగాలీ వేడిగాలీ కలిసే చోటు సరిగ్గా లెన్స్ ముందే ఏర్పడుతుంది.

చేతి వణుకు సంగతి అంత భయపెట్టేది కాదు. 2000 మి.మీ. దగ్గర సెకనులో 2000వ వంతు షట్టర్ స్పీడ్ ఉండాలని పాత సూత్రం. పి900లోని వణుకు నివారణ ఐదు స్టాపుల మేరకు (ఒక్కో స్టాపుకు సమయం రెట్టింపు) సాయపడుతుందని తయారీదారు చెప్పే మాటను యథాతథంగా తీసుకుంటే అది 60వ వంతుకు దిగుతుంది. నిజంగా ఇబ్బంది పెట్టేది పక్షిని ఫ్రేములోకి తెచ్చుకోవడం. పూర్తి జూమ్‌లో చూపు వెడల్పు ఒక్క డిగ్రీ మాత్రమే. కొమ్మ మారిన పిట్ట కోసం ఆకాశమంతా గాలించవలసి వస్తుంది. అందుకే లెన్స్ పక్కన ఒక మీట పెట్టారు. దాన్ని నొక్కి పట్టుకుంటే చూపు విశాలమవుతుంది, పిట్ట కనిపించాక వదిలితే పాత జూమ్‌కు తిరిగి వెళుతుంది. దుకాణంలో కెమెరా చేతికి ఇవ్వగానే నేనైతే ముందు వెతికేది ఈ మీటనే.

గాలి పెద్దగా అడ్డుపడని సరదా చంద్రుడు, అదీ నడినెత్తిన ఉన్నప్పుడు. పూర్తి జూమ్‌లో చంద్రబింబం సెన్సర్ మీద 3.2 మి.మీ. వ్యాసంతో, అంటే ఫ్రేము ఎత్తులో 70 శాతం మేర పడుతుంది. పౌర్ణమి నాడు నీడలు ఉండవు కనుక బింబం చదునుగా కనిపిస్తుంది; శుక్ల అష్టమి మొదలు దశమి వరకు వెలుగు నీడల సరిహద్దు దగ్గర గోతుల అంచులు స్పష్టంగా తేలుతాయి. 93 కిలోమీటర్ల కోపర్నికస్ గొయ్యి ఫొటోలో 65 పిక్సెళ్ళ వెడల్పున వస్తుంది. చంద్రయాన్-3 దిగిన చోటు కనిపిస్తుందా అని పిల్లలు అడుగుతుంటారు. 55 మి.మీ. రంధ్రం చంద్రుడి మీద విడదీయగలిగే కనీస దూరం 4.7 కిలోమీటర్లు, విక్రమ్ ల్యాండర్ వెడల్పు సుమారు రెండు మీటర్లు. కొన్ని ఫోన్లు చంద్రుణ్ణి గుర్తుపట్టి, లేని వివరాన్ని సాఫ్ట్‌వేర్‌తో దిద్దుతాయి కనుక ఫోన్ ఫొటోతో పోల్చి ఈ కెమెరాను తక్కువ చేయడం న్యాయం కాదు.

కొనేముందు పరీక్షించడానికి మన దినపత్రికకు మించిన సాధనం లేదు. ఒక పేజీని ఎండ పడే గోడకు అతికించి, 20 మీటర్ల నుంచి ఒకసారి, 40 మీటర్ల నుంచి ఒకసారి పూర్తి జూమ్‌లో తీయాలి. తెలుగు లిపిలో ‘ప’కూ ‘వ’కూ తేడా తలకట్టు దగ్గరి చిన్న సందు మాత్రమే. 55 మి.మీ. రంధ్రమున్న లెన్స్ 20 మీటర్ల దూరంలో పావు మిల్లీమీటరును, 40 మీటర్ల దూరంలో అర మిల్లీమీటరును విడదీయగలదు. 20 మీటర్ల నుంచి ఆ సందు విడిగా కనిపించాలి. 40 మీటర్ల దగ్గర మూసుకుపోతే ఆశ్చర్యం లేదు. దగ్గరి నుంచే మూసుకుపోతే ముందు ఫోకస్‌ను, చేతి నిలకడను అనుమానించి, ట్రైపాడ్ మీద పెట్టి మళ్ళీ తీయాలి. ఫొటో నాలుగు మూలల్లోనూ అక్షరాలు ఒకే తీరుగా ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోవచ్చు. సెకండ్‌హ్యాండ్‌ది అయితే తెల్లని గోడను కూడా ఒక ఫొటో తీయాలి. ఈ లెన్స్ ముందుకూ వెనక్కూ సాగినప్పుడల్లా సైకిల్ పంపులా గాలిని లోపలికి లాగుతుంది. మన వేసవి దుమ్ము దాంతో పాటే సెన్సర్‌ను చేరుతుంది. లెన్స్ ఊడదీసే వీలు లేని కెమెరా కావడంతో ఆ మచ్చలను ఇంట్లో తుడుచుకోవడం కుదరదు.